చెక్క హెడ్‌ఫోన్‌కి ట్యూబ్ ఆంప్ కొనాలా? వీణ, మృదంగం సహజంగా వినిపించాలి (వైజాగ్, బీచ్‌కి దగ్గర ఇల్లు)

తీరం శ్రోత (ఎంవీపీ కాలనీ):

అందరికీ నమస్కారం. మెజే 99 క్లాసిక్స్ వాడుతున్నాను, వాల్‌నట్ కప్పులది. వినేది ఎక్కువగా వీణ, వయొలిన్ కచేరీలు, పాత రేడియో రికార్డింగులు. ఫోన్‌కి ఆపిల్ టైప్-సి డాంగిల్ (ఒక వోల్టు ఇచ్చే రకం), ఇంట్లో లాప్‌టాప్ జాక్.

ఇబ్బందులు ఇవి. వీణ మీటు బాగానే ఉంటుంది గానీ మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ముఖం) గుమ్మని ఉబ్బి వీణ మంద్రాన్ని మింగేస్తోంది. లాప్‌టాప్ మీద ఇది ఇంకా ఎక్కువ. పైగా తొప్పి ఎప్పుడూ కాస్త ఎడమకి లాగుతున్నట్టుంటుంది. లాప్‌టాప్ నుంచి ఒక యూఎస్‌బీ డాక్ (డీఏసీ, డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె), దాన్నుంచి చిన్న మెయిన్స్ ఆంప్ పెట్టి చూస్తే, చార్జర్ పెట్టగానే జుయ్‌మని హమ్. చెవి ప్యాడ్ల తోలు కుడివైపు పొరలు పొరలుగా రాలిపోతోంది.

అడగాల్సినవి: 6080 ట్యూబు ఉన్న ఓటీఎల్ ఆంప్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబు ఆంప్) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. తీసుకుంటే స్వరం సహజంగా మారుతుందా? ఎన్ని మిల్లీవాట్లు ఉండాలి? ఏటికొప్పాక వాళ్లతో అంకుడు కర్ర కప్పులు తిప్పించి వేరే డ్రైవర్లకి (హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లకి) వాడొచ్చా? ఈ ఉప్పుగాలిలో చెక్క పాడవకుండా ఏం చేయాలి?

ఓమ్ మాస్టారు (గాజువాక):

ముందు లెక్క వేద్దాం తమ్ముడూ, సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.

మీ హెడ్‌ఫోన్ 32 ఓమ్స్, ఒక మిల్లీవాట్‌కి 103 డీబీ. కచేరీలో మృదంగం దెబ్బ శిఖరం 110 డీబీకి చేరాలనుకుందాం, అది చాలా గట్టి శబ్దమే. 103 నుంచి 110కి 7 డీబీ తేడా, అంటే అయిదు రెట్లు. 5 మిల్లీవాట్లు చాలు. వోల్టుల్లో 0.4, కరెంటు 12.5 మిల్లీ ఆంపియర్లు. మీ డాంగిల్ ఒక వోల్టు వరకు ఇస్తుంది కాబట్టి బలం సరిపోకపోవడం అన్న సమస్య మీకు లేదు. 500 మిల్లీవాట్లు, 2 వాట్లు అని పెట్టెల మీద రాసేదాంతో మీకు పని లేదు.

ఒక్క మాట: ఈ డాంగిల్‌ని కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకి తగిలిస్తే శబ్దం బాగా తక్కువగా వస్తుంది. డాంగిల్ లోపలి వాల్యూమ్‌ని ఫోన్ పూర్తిగా పైకి లేపకపోవడమే కారణం. యూఎస్‌బీని నేరుగా అందుకునే ప్లేయర్ యాప్‌లో వింటే సర్దుకుంటుంది. దాన్ని చూసి "ఆంప్ కావాలి" అనుకుని డబ్బు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీరు చూడాల్సింది ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే బయటికి వచ్చే కరెంటుకి ఆంప్ లోపలే ఎదురయ్యే అడ్డు, ఓమ్స్‌లో. మామూలు డైనమిక్ డ్రైవరు పేరుకి 32 ఓమ్స్ గానీ, బాస్‌లో అది సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ అంకె పైకి లేస్తుంది. లెక్క కోసం 50 ఓమ్స్‌కి లేచిందనుకోండి. ఆంప్‌ది 1 ఓమ్ అయితే ఆ బాస్ మిగతా స్వరం కంటే 0.1 డీబీ పెరుగుతుంది, అది చెవికి అందదు. ఆంప్‌ది 120 ఓమ్స్ అయితే దాదాపు 3 డీబీ పెరుగుతుంది. ఉబ్బిన తొప్పి మీద ఇంకో 3 డీబీ! ఓటీఎల్ ఆంపుల్లో ఈ అంకె మామూలుగా పదుల ఓమ్స్ నుంచి వంద పైన ఉంటుంది. ఆ ఆంప్ మంచిదే కావచ్చు, మీ హెడ్‌ఫోన్‌కి మాత్రం జోడీ కాదు. హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతు కంటే ఆంప్‌ది తక్కువ ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మీకు 4 ఓమ్స్ లోపు.

పాత ఇంటిగ్రేటెడ్ ఆంపుల ముందు ఉండే హెడ్‌ఫోన్ జాక్‌ని కూడా నమ్మకండి. స్పీకర్ లైన్‌లోంచే వందల ఓమ్స్ రెసిస్టర్ పెట్టి బయటికి తెచ్చినవి వాటిలో ఎన్నో ఉన్నాయి.

కొలవడం కష్టమేం కాదు. 33 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి, మల్టీమీటరు, చివర తెరిచిన 3.5 ఎంఎం జాక్ వైరు కావాలి. 100 హెర్ట్జ్ సైన్ టోన్ ప్లే చేసి, మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి, రెసిస్టర్ లేకుండా 0.3 వోల్టులు వచ్చేలా వాల్యూమ్ సర్దండి. వాల్యూమ్ ముట్టుకోకుండా రెసిస్టర్ అడ్డంగా తగిలించి మళ్లీ చూడండి. మొదటి అంకెని రెండో అంకెతో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణిస్తే వచ్చేదే అవుట్‌పుట్ ఇంపీడెన్స్. 0.300 కాస్తా 0.200కి పడితే 16.5 ఓమ్స్ అన్నమాట. చవక మీటర్లు 50 నుంచి 400 హెర్ట్జ్ మధ్యే నిజం చెబుతాయి, అందుకే 100 హెర్ట్జ్. లాప్‌టాప్ జాక్‌నీ డాంగిల్‌నీ రెండిటినీ కొలిచి ఇక్కడ రాయండి.

సెకండ్ హ్యాండ్‌లో ఏ ఆంప్ కొన్నా, హెడ్‌ఫోన్ తగిలించే ముందు అవుట్‌పుట్‌లోకి డీసీ కారుతోందేమో చూడండి. పాట ఆపి, 33 ఓమ్స్ లోడ్ పెట్టి, మీటర్ 200 మిల్లీవోల్టుల డీసీలో ఉంచి, జాక్ కొన నుంచి మొదలుకి, మధ్య రింగు నుంచి మొదలుకి కొలవండి. 10 మిల్లీవోల్టుల లోపు ఉంటే బెంగ లేదు. 50 దాటితే తగిలించొద్దు. వాయిస్ కాయిల్ (డ్రైవరుని కదిలించే తీగ చుట్ట) ఒకవైపుకి జరిగి కూర్చుంటుంది, వేడెక్కుతుంది.

గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) సంగతి కూడా చెప్పాలి. మీ హెడ్‌ఫోన్‌కి ఒక వోల్టు ఇస్తే 118 డీబీ వస్తుంది. మామూలు డాక్ 2 వోల్టులు ఇస్తుంది, అంటే ఏ గెయినూ లేకుండానే 124. ఇక హై గెయిన్ ఎందుకు? హై గెయిన్‌లో పెడితే వాల్యూమ్ గుండీని గడియారంలో 7 గంటల నుంచి 8 గంటల దాకానే తిప్పగలుగుతారు. చవక పొటెన్షియోమీటర్లు (గుండీ వెనకుండే వాల్యూమ్ కంట్రోళ్లు) ఆ అడుగు భాగంలోనే ఎడమ కుడి సమానంగా నడవవు. మీ తొప్పి ఎడమకి లాగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆంప్ లో గెయిన్‌లో పెట్టి, ప్లేయర్‌లో 10 డీబీ తగ్గించి, గుండీని 11, 12 గంటల దగ్గర వాడండి.

బుస్ శబ్దానిదీ ఇదే లెక్క. ఆంప్ సొంత నాయిజ్ 10 మైక్రోవోల్టులు ఉంటే మీ చెవి దగ్గర 18 డీబీ, ఫ్యాను తిరిగే గదిలో దాని ఊసే ఉండదు. 100 మైక్రోవోల్టులు ఉంటే 38 డీబీ. పాటకీ పాటకీ మధ్య ఉస్స్‌మని వినిపించేది అదే.

వాల్వు ప్రేమి (భీమిలి):

మాస్టారు చెప్పింది ఈ హెడ్‌ఫోన్ వరకు నిజమే. ట్యూబు మీద మనసున్నవాళ్లు దీన్ని చదివి పూర్తిగా వదిలేయకూడదని రెండు మాటలు.

చెక్క హెడ్‌ఫోన్లన్నీ ఒక జాతి కావు. డెనాన్ డీ7200 (వాల్‌నట్), డీ9200 (వెదురు), ఫోస్టెక్స్ టీహెచ్900 లాంటివి 25 ఓమ్స్ దగ్గర ఉంటాయి. గ్రాడో ఆర్ఎస్ వరుస 32, 38 ఓమ్స్. ఇవన్నీ తక్కువ ఇంపీడెన్స్ ఆంప్‌నే అడుగుతాయి. జెడ్ఎంఎఫ్ వాళ్ల అటికస్, ఐకాన్ చెక్కవే గానీ 300 ఓమ్స్. ఓటీఎల్ పుట్టింది ఈ రకానికే. 300 ఓమ్స్, మిల్లీవాట్‌కి 97 డీబీ అనుకుంటే 110 డీబీ శిఖరానికి 20 మిల్లీవాట్లు, దాదాపు 2.45 వోల్టులు, కరెంటు మాత్రం 8 మిల్లీ ఆంపియర్లే. వోల్టు ఎక్కువ, కరెంటు తక్కువ, ట్యూబుకి హాయిగా ఉండే పని ఇది. ఒక వోల్టు డాంగిల్ ఇక్కడ చాలదు.

ప్లేనార్ (పల్చటి చదునైన పొర కదిలి పలికే డ్రైవరు) చెక్కవి మూడో జాతి. హైఫైమాన్ సుందర క్లోజ్డ్ బ్యాక్ కప్పులు బీచ్ చెక్కవి (చెట్టు పేరే అది, మన రామకృష్ణా బీచ్ కాదు), 20 ఓమ్స్, 98 డీబీ. ప్లేనార్ ఇంపీడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా దాదాపు ఒకటే కాబట్టి ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ స్వరం రంగు మార్చదు, శబ్దం తగ్గుతుంది అంతే. కానీ 110 డీబీకి 28 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఓటీఎల్‌కి అది బరువు. 32 ఓమ్స్ హెడ్‌ఫోన్ మీద ట్యూబే కావాలని గట్టిగా ఉంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, తక్కువ ఓమ్స్ ట్యాప్ ఉన్నది వెతకండి.

ఓటీఎల్ కొనేవాళ్లు చూడాల్సినవి: వెనక ప్లేటు మీద 230 వోల్టులని ఉందో లేదో. అమెరికా నుంచి వచ్చినది 110 అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెట్టకండి. ఆన్ చేశాక కనీసం ఒక నిమిషం ఆగి హెడ్‌ఫోన్ తగిలించండి. కప్లింగ్ కెపాసిటర్లు చార్జ్ అయ్యేటప్పుడు వచ్చే దెబ్బ డ్రైవరు మీదే పడుతుంది. లోపల 150 వోల్టుల పైన డీసీ ఉంటుంది, ప్లగ్ తీసినా కాసేపు నిలిచే ఉంటుంది. మూత తీసి వేళ్లు పెట్టే సాహసం వద్దు. ఇంకోటి, మన వైజాగ్ మే నెల. ఒక్క 6080 ఫిలమెంటే 6.3 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు తాగుతుంది, అంటే 16 వాట్ల వేడి ఊరికే. కిటికీ దగ్గర, నాలుగువైపులా జానెడు ఖాళీ వదిలి పెట్టాలి. పుస్తకాల అరలో దూర్చకూడదు.

బ్యాలెన్స్‌డ్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. ఆంప్‌లోని 4.4 ఎంఎం రంధ్రానికి మామూలు 3.5 ఎంఎం హెడ్‌ఫోన్‌ని అడాప్టర్‌తో తగిలించొద్దు. బ్యాలెన్స్‌డ్‌లో ఎడమ మైనస్, కుడి మైనస్ విడివిడిగా ఆంప్ నడిపే తీగలు. అడాప్టర్‌లో అవి రెండూ కలిసిపోతే ఆంప్ అవుట్‌పుట్ షార్ట్ అయినట్టే. తిరగేసి, బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉన్న హెడ్‌ఫోన్‌ని మామూలు జాక్‌లో పెట్టడానికి అడాప్టర్ వాడితే ఏ ప్రమాదమూ లేదు. ఒక వోల్టుకే 118 డీబీ ఇచ్చే మెజేకి బ్యాలెన్స్‌డ్ అవసరమూ లేదు.

లేత్ చక్రం (యలమంచిలి):

చెక్క సంగతి నేను చెబుతాను. "చెక్కది కాబట్టి సహజంగా పలుకుతుంది" అన్న మాటని కాస్త విడదీయాలి.

బొబ్బిలి వీణ తీసుకోండి. ఒకే పనస మొద్దును తొలిచి కుండ, దండి కలిపి చేసే ఏకాండి వీణ. అక్కడ తీగ కదిలితే చెక్క కదలాలి, చెక్క కదిలితేనే నాదం. హెడ్‌ఫోన్ కప్పు పని దానికి పూర్తిగా వ్యతిరేకం. పలకాల్సింది డ్రైవరు. వెనక కప్పు తన సొంత గొంతు కలపకూడదు. గట్టి చెక్క మందంగా ఉంటే పల్చటి ప్లాస్టిక్‌లా మోగదు, తన ఊపుని తనే తొందరగా చంపుకుంటుంది. కాబట్టి మంచి కప్పు అంటే వీణలా మోగేది కాదు, నోరు మూసుకుని కూర్చునేది.

స్వరాన్ని ఎక్కువగా మార్చేది కప్పు ఆకారం, లోతు. డ్రైవరు వెనక నుంచి కప్పు అడుగు దాకా 4 సెంటీమీటర్లు ఉండి, రెండూ సమాంతరంగా ఉంటే 4,300 హెర్ట్జ్ దగ్గర గాలి అటూ ఇటూ కొట్టుకుని నిలువు అల కడుతుంది. తంబుర జీవాల (తీగల కింద పెట్టే దారాల) మోత, వయొలిన్ కమాను గరుకు ఉండే చోటు అదే. అందుకే కప్పు అడుగు చదునుగా కాక గిన్నెలా గుండ్రంగా తీస్తారు, లోపల ఉన్ని ఫెల్ట్ అతికిస్తారు.

అంకుడు కర్రతో కప్పు చేయొచ్చు. తెల్లగా, తేలికగా, లేత్ మీద వెన్నలా తిరుగుతుంది, లక్క బాగా పడుతుంది. చిక్కు ఎక్కడంటే, అది చిన్న చెట్టు. బొమ్మలకి కాండాన్ని నిలువునా లేత్‌కి ఎక్కించి తిప్పుతారు. 90 మిల్లీమీటర్ల కప్పుకి అలాగే చేస్తే నడుమ బెండు కప్పు అడుగు మధ్యలోకి వస్తుంది. ఆరేకొద్దీ అక్కడి నుంచి అంచుదాకా చీలిక. బెండు తగలని పక్క ముక్క వచ్చేంత లావు దుంగ దొరికితేనే చేయించండి. లేకపోతే టేకు, రోజ్‌వుడ్ పలక ముక్కలు అతికించి తిప్పించడం మేలు.

తేమ లెక్క కూడా ఉంది. గాలిలో తేమ 75 శాతం ఉన్నప్పుడు కర్రలో నీళ్లు 14 శాతం దగ్గర నిలుస్తాయి. రాత్రంతా ఏసీలో 50 శాతం ఉంటే 9 దగ్గరికి దిగాలని చూస్తుంది. ఆ 5 శాతానికి 80 మిల్లీమీటర్ల కప్పు వార్షిక వలయాల వెంబడి దాదాపు 1 మిల్లీమీటరు కుదించుకోగలదు. అన్నివైపులా ఒకేలా కుదించుకోదు కాబట్టి గుండ్రం కాస్తా కోడిగుడ్డు అవుతుంది. డ్రైవరు బిగించే ప్లేటుని కప్పులో బిగుతుగా దిగ్గొడితే ఏదో ఒక రోజు పగలడం ఖాయం. చుట్టూ అర మిల్లీమీటరు సందు వదిలి, 2 మిల్లీమీటర్ల మెత్తటి ఫోమ్ గాస్కెట్ వేసి, స్క్రూ రంధ్రాలు కాస్త పొడుగ్గా చేయాలి.

తిప్పించే పద్ధతి: మొదట గోడ 15 మిల్లీమీటర్లు వదిలి లోతు తీయించండి. కాగితం సంచిలో నెల రోజులు నీడన ఉంచండి. ఎంత వంకరపోవాలో అంతా పోయాక మళ్లీ లేత్‌కి ఎక్కించి 8 నుంచి 10 మిల్లీమీటర్లకి తేవాలి. లక్క బయటే వేసి లోపల పచ్చి కర్ర వదిలేస్తే ఒకవైపే తేమ పీల్చి వంగుతుంది. లోపల కూడా రెండు పూతలు ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఈ లోపలి పూతనే.

ఇక అసలు మాట. మీ బాధలకి కప్పూ ఆంపూ కాదు, ప్యాడ్ చూడండి. కుడివైపు తోలు రాలుతోందన్నారు, తొప్పి ఎడమకి లాగుతోందన్నారు. ఈ రెండూ ఒకటే సమస్య. ప్యాడ్ చెంపకి అంటకపోతే ముందు పోయేది బాస్. కుడివైపు బాస్ కారిపోతే మృదంగం ఎడమకి జరిగినట్టే వినిపిస్తుంది, గాత్రం మాత్రం నడుమనే ఉంటుంది.

తేల్చుకోవడం ఇలా. మీ హెడ్‌ఫోన్‌కి రెండు కప్పులకీ విడివిడిగా ప్లగ్గులు ఉన్నాయి కదా, ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి పెట్టండి. లాగడం కుడికి మారితే తప్పు కేబుల్‌లోనో ఆంప్‌లోనో ఉంది. ఎడమకే ఉంటే ప్యాడ్ లేదా డ్రైవరు. తర్వాత 40 హెర్ట్జ్ టోన్ మెల్లగా ప్లే చేసి, ఒక్కో కప్పునీ అరచేత్తో కొంచెం నొక్కండి. నొక్కగానే శబ్దం పెరిగితే అటువైపు గాలి కారుతోంది. కళ్లజోడు ఉంటే తీసి మళ్లీ చూడండి. చెవి వెనకాల కాడ పోయే చోట 2 మిల్లీమీటర్ల సందు చాలు.

తీరం శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. కొలిచాను. లాప్‌టాప్ జాక్: 0.300 కాస్తా 0.224కి పడింది. డాంగిల్: 0.300 నుంచి 0.291. అంటే లాప్‌టాప్ 11 ఓమ్స్, డాంగిల్ 1 ఓమ్.

ప్లగ్గులు మార్చినా తొప్పి ఎడమకే ఉంది. 40 హెర్ట్జ్‌లో కుడి కప్పు నొక్కితే శబ్దం స్పష్టంగా పెరుగుతోంది, ఎడమది నొక్కితే మారట్లేదు. కళ్లజోడు తీస్తే కుడివైపు కొంత నయం, పూర్తిగా కాదు. ప్యాడ్ మార్చడం ఎలా? వెలోర్ తీసుకోనా, తోలు రకమా? ప్యాడ్ మార్చాక తొప్పి ఇంకా ఎక్కువై ఉబ్బుతుందేమో అని భయం. ఓటీఎల్ వద్దనుకున్నాను.

లేత్ చక్రం:

ఆ భయం న్యాయమే, కుడివైపు బాస్ తిరిగొస్తుంది. కానీ రెండువైపులా సమానమయ్యాక దాన్ని తగ్గించడం సులువు. వంకరగా ఉన్నదాన్ని తగ్గించలేం.

మీ ప్యాడ్ అంచున పల్చటి తోలు పెదవి ఉంటుంది, కప్పు చుట్టూ గాడిలో దూరి ఉంటుంది. ఒక చోట బొటనవేలితో పైకి లాగి చుట్టూ మెల్లగా తీసుకొస్తే వచ్చేస్తుంది. లోపల డ్రైవరు మీది గుడ్డని గోరుతో తాకకండి. కొత్తది పెట్టేటప్పుడు కింది అంచు నుంచి మొదలెట్టి, పాత ఏటీఎం కార్డు మూలతో పెదవిని గాడిలోకి కొంచెం కొంచెంగా తొయ్యండి. చివరి మూడంగుళాల దగ్గర బిగుసుకుంటుంది. అక్కడ బలం పెడితే చిరిగేది పెదవే. ఆగి, మొదలెట్టిన చోటు నుంచి తోలుని కాస్త జరుపుకుంటూ వస్తే వదులవుతుంది.

వెలోర్ గుడ్డలోంచి గాలి పోతుంది, బాస్ తగ్గుతుంది, చెమటకీ హాయి. కానీ మూసిన కప్పుల హెడ్‌ఫోన్‌లో ఎంత తగ్గుతుందో మీ చేతిలో ఉండదు, ఒక్కోసారి మృదంగం మొత్తం డొల్లగా అయిపోతుంది. ముందు అసలు రకం తోలు ప్యాడే, అదే మందంలో వేయండి. మందం మారితే చెవికీ డ్రైవరుకీ దూరం మారి పై స్వరాలు కూడా వేరే అవుతాయి.

ఓమ్ మాస్టారు:

11 ఓమ్స్ అంటే 4 కంటే చాలా ఎక్కువ. లాప్‌టాప్ మీద ఇంకా గుమ్మనడంలో దాని వాటా కొంత ఉంది, మిగతాది లాప్‌టాప్‌లోని సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్ ఏదైనా ఆన్‌లో ఉందేమో చూసి తీసేయండి. ఇంట్లో కూడా డాంగిలే వాడండి.

ప్యాడ్లు వేశాక ఈక్వలైజర్. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఉన్నాయి. విండోస్‌లో లో షెల్ఫ్ ఫిల్టర్ (ఒక ఫ్రీక్వెన్సీ కిందున్న బాస్ అంతటినీ కలిపి తగ్గించేది) 150 హెర్ట్జ్ దగ్గర, క్యూ 0.7, మైనస్ 4 డీబీతో మొదలెట్టండి. తొప్పి దెబ్బలో "ధొం" ఉండాలి, దాని వెనక తోక నడుస్తున్న వీణ మంద్ర తీగ మీద పడకూడదు. పడుతుంటే మైనస్ 5, మృదంగం పల్చబడితే మైనస్ 3. తగ్గించడమే కాబట్టి యాప్‌లోని ప్రీ ఆంప్ (మొత్తం శబ్దం స్థాయి) అంకె దించక్కర్లేదు. ఏదైనా పెంచితే మాత్రం పెంచినంత ప్రీ ఆంప్ దించాలి, లేకపోతే గట్టి దెబ్బల దగ్గర క్లిప్ అవుతుంది, అంటే శబ్దం పగులుతుంది.

రెండు పరికరాలని పోల్చేటప్పుడు 100 హెర్ట్జ్ టోన్‌తో, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, మీటర్ మీద వోల్టులు సమానం చేసి వినండి. అర డీబీ ఎక్కువ ఉన్నది ఎప్పుడూ "సహజంగా" అనిపిస్తుంది. ఆంపుల గురించి వాదనల్లో చాలా భాగం ఈ అర డీబీయే.

పొడి డబ్బా (లాసన్స్ బే కాలనీ):

హమ్, తేమ రెండూ మిగిలాయి కదా.

హమ్ ముందు. లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. ఆగిపోతే అది ట్యూబుదో ఆంప్‌దో కాదు, ఎర్త్ లూప్. చార్జర్ ఎర్త్ ఒక దారి, ఆంప్ మెయిన్స్ ఎర్త్ ఇంకో దారి, మధ్యలో యూఎస్‌బీ తీగ వాటిని కలుపుతోంది. రెండు ప్లగ్గులూ ఒకే స్ట్రిప్‌లో పెట్టండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టులు కొలిపించండి. 2, 3 వోల్టుల కంటే ఎక్కువుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్ చూపించాలి. తీరం పక్క ఇళ్లలో ఎర్త్ తీగ, క్లాంపు కలిసే చోట తుప్పు పట్టి ఉంటుంది. ఎర్త్ పిన్ను తీసేసి వాడటం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఆంప్ లోహపు పెట్టెకి కరెంటు వస్తే అడ్డుకునేది ఆ పిన్నే.

డాక్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉండి, మీ దగ్గర ఆప్టికల్ ఇచ్చే టీవీయో కంప్యూటరో ఉంటే దాంతో లూప్ తెగిపోతుంది. యూఎస్‌బీ ఐసొలేటర్ (రెండు వైపుల తీగలూ కలవకుండా డేటా మాత్రమే పంపేది) కొంటే లోపలి చిప్ చూసుకోండి. ఏడీయూఎం 3160, 4160 రకాలు సెకనుకి 12 మెగాబిట్ల వరకే. హై స్పీడ్ అడిగే డాక్‌లు వాటితో కంప్యూటర్‌కి కనపడనే కనపడవు.

తేమకి: మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న హైగ్రోమీటరు, 200 గ్రాముల నారింజ రంగు సిలికా జెల్. ముల్లు 45, 55 శాతం మధ్య ఉండాలి. ఇంకా పొడిగా ఉంటే మేలు అనుకుంటారు గానీ 40 కిందికి పోతే చెక్క చీలికకి దారి ఇచ్చినట్టే. 40 దగ్గరికి వస్తే సగం జెల్ తీసేయండి. జెల్ ఆకుపచ్చకి తిరిగాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెడితే మళ్లీ నారింజ అవుతుంది. ప్యాకెట్‌ని చెక్కకి ఆనించకుండా గుడ్డ సంచిలో పెట్టి మూలన ఉంచండి. విన్న వెంటనే చెమట ప్యాడ్లతో డబ్బాలో పెట్టేయకండి. కొంచెం తడిపిన గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద అరగంట ఆరాకే. పాలియురెథేన్ తోలు పొరలుగా రాలేది తేమ లోపలికెళ్లి దాన్ని విరగ్గొట్టడం వల్ల. ఒకసారి మొదలైతే ఏ నూనె రాసినా ఆగదు.

జాక్ కొన మీద పచ్చగానో నల్లగానో మచ్చ కనిపిస్తే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది తుడవండి, సాకెట్‌లో జాక్‌ని పదిసార్లు తిప్పండి. ఆ దూది చెక్కకి తగలకూడదు.

తీరం శ్రోత:

చెక్కకి ఏం రాయాలి? కొబ్బరినూనె పనికొస్తుందా? ఏటికొప్పాక లక్క కప్పులు చేయిస్తే వాటికీ అదేనా?

లేత్ చక్రం:

కొబ్బరినూనె వద్దు, ఎప్పటికీ ఆరదు, జిడ్డుగా దుమ్ము పట్టి కంపు వస్తుంది. మీ వాల్‌నట్ మీద కంపెనీ పూత ఉంటుంది, దానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. పూత లేని పచ్చి చెక్క కప్పులకే ఆరే నూనె, అంటే అవిసెనూనె లాంటిది, రెండు చుక్కలు గుడ్డకి రాసి రుద్ది, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేసి, రెండు రోజులు వాడకుండా ఆరనివ్వాలి. ఆ నూనె గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో తడిపి పరిచి ఆరేయండి.

ఏటికొప్పాక లక్క వేరే సంగతి. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ నొక్కితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, దాని మీద మొగలి ఆకు పట్టి రుద్దితే ఆ నునుపు. నూనె, మైనం ఏమీ అక్కర్లేదు. కానీ లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చేతులు పూర్తిగా ఆరకముందే కప్పు పట్టుకుంటే వేలిముద్రలు అచ్చు పడతాయి, మెరుపు పోయి జిగురుగా అవుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలినా అంతే, మెత్తబడి కేసు లోపలి గుడ్డ నూగు అంతా అతుక్కుంటుంది. పాడైతే మళ్లీ లేత్ మీదే వేయాలి, కాబట్టి డ్రైవరు ప్లేటుని అతికించకుండా స్క్రూలతోనే బిగించమని ముందే చెప్పండి, కప్పు విడిగా ఊడి రావాలి.